నవ్వితే ఔట్

జూలై 6, ఆదివారం

మా అమ్మాయి చీమ పుట్టినరోజు పార్టీలో ఆటలు నేను ఆడించకూడదట.

ఈ మాట నాతో ఎవరూ అనలేదు. మంచినీళ్ళ కోసం వంటింటి వైపు వెళ్తుంటే చెవిన పడింది. "ఆ రోజు నాన్నకి డ్యూటీ పడితే బావుణ్ణు కదమ్మా" అంది మా చీమ. వాళ్ళమ్మ "తప్పు, అలా అనకూడదు" అంది. "అదేం మాటే" అనలేదు. రెండిటికీ చాలా తేడా ఉంది. ఆటలు వాళ్ళ మామయ్య ఆడిస్తాడట. అదీ వినపడింది. నేను మాత్రం ఆగి వినలేదు. తలుపు దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నాను, అంతే.

నాకేం బాధ లేదు. ఆ రోజు నిజంగానే ఫ్యాక్టరీలో నాకు పనుంటుంది. పార్టీ ఆదివారం కాబట్టి ఉండదు. అయినా ఉంటుంది.

మంచినీళ్ళు తాగకుండానే వచ్చేశాను. గొంతు ఎండిపోతోంది. ఇప్పుడు వెళ్తే విన్నానని తెలిసిపోతుంది.

జూలై 7, సోమవారం

బాధ లేదని నిన్న రాశాను. నిజమే. కాకపోతే పోయినేడు పాత ఊళ్ళో జరిగిన పార్టీని పట్టుకుని నన్ను ఇలా పక్కనపెట్టడం అన్యాయం అని మాత్రం రాసుకుంటున్నాను.

ఏం జరిగింది పోయినేడు? కేకు పక్కన ఇసుక బకెట్టు పెట్టాను. కొవ్వొత్తులు వెలిగించే చోట పెట్టక ఇంకెక్కడ పెడతారు? ఫొటోలన్నిట్లో బకెట్టే ముందుందంటే అది ఫొటోలు తీసినవాడి తప్పు. బెలూను పగిలితే ముక్క గొంతులో ఎలా అడ్డం పడుతుందో పిల్లలకి వివరించాను. ఇద్దరు ఏడ్చారు. జాగ్రత్త విలువ అందరికీ వెంటనే తెలియదు. కుర్చీలాటలో పరుగెత్తకూడదనీ, పక్కవాళ్ళకి దారివ్వాలనీ చెప్పాను. పిల్లలు బుద్ధిమంతులు, అలాగే చేశారు. పాట ఆగినప్పుడల్లా "నువ్వు కూచో", "లేదు, నువ్వు కూచో" అంటూ నిలబడ్డారు. ఆట తేలలేదు. కానీ ఎవరికైనా దెబ్బ తగిలిందా? తగల్లేదు. రంగుల ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. దెబ్బ తగలకపోతేనే నా పని జరిగినట్టు.

అసలు సంగతి అది కాదు. నా బదిలీ వల్ల చీమకి కొత్త ఊరు, కొత్త బడి. బడి తెరిచి ఇన్నాళ్ళయినా దానికి ఒక్క స్నేహితురాలు లేదు. ఒక్కతే కూచుని అన్నం తింటోందని టీచరు మా ఆవిడతో చెప్పిందట. ఈ పార్టీకి క్లాసు మొత్తాన్నీ పిలిచింది. వాళ్ళు వచ్చి, విసుగెత్తి వెళ్ళిపోతే మర్నాడు దాని పక్కన ఎవరు కూచుంటారు? అందుకే నేను లేకపోతే మేలనుకుంది పిచ్చిది. తప్పు దానిది కాదు.

తప్పు నాదీ కాదు.

జూలై 10, గురువారం

బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. వాడు గుమ్మంలో అడుగుపెడితే చాలు, చీమ నవ్వుతుంది. నేను జీతం తెచ్చినా నవ్వదు. ఇద్దరూ కూచుని ఆటల గురించి గుసగుసలాడుకున్నారు. నేను పేపరు చదువుతూ అక్కడే ఉన్నాను. పేపరు తలకిందులుగా ఉందని మా ఆవిడ చెప్పింది.

"నేనేమైనా చెయ్యాలా?" అని అడిగాను, ఊరికే.

"నువ్వు కేకు దగ్గర కూచో బావా, చాలు."

"ఎందుకు? కేకు పారిపోతుందా?"

"నువ్వు పక్కనుంటే దానికి కాస్త ధైర్యంగా ఉంటుంది."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నవ్వుకోనీ. కేకు దగ్గర మనిషి అవసరమే.

జూలై 13, ఆదివారం

పొద్దున అపార్టుమెంటులో ఫైర్ డ్రిల్లు. బ్రహ్మాండంగా జరిగింది.

మూడు పొడుగు విజిళ్ళు వినపడితే ఎవరు ఏ పనిలో ఉన్నా అక్కడికక్కడ వదిలేసి, స్టవ్వు ఆపి, లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి, వాకిట్లో నేను గీయించిన తెల్లగీత మీద నిలబడాలి. ముందు దిగాలి, తర్వాత అడగాలి. మేం ఈ ఇంట్లో చేరగానే అసోసియేషన్ ప్రెసిడెంటు ఈ బాధ్యత నాకు అప్పగించింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు, అందరూ పెద్దమేడమ్ అంటారు. నా సమర్థత చూసి ఇచ్చింది. ఇంకెవరూ చెయ్యెత్తలేదు కాబట్టి ఇచ్చిందని మా ఆవిడ అంటుంది.

మొదటిసారి విజిలేస్తే వాచ్‌మన్ ఒక్కడే వచ్చాడు. అతను ముందు నుంచీ కిందే ఉన్నాడు. ఆ తర్వాత పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో పాలగిన్నె మాడి మెట్లంతా పొగ కమ్మేసినప్పుడు నా విజిలు వినే అందరూ క్షేమంగా దిగారు. అప్పట్నుంచి చూడాలి వీళ్ళ వేగం! చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొస్తున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

చీమ మాత్రం మా బాల్కనీ కర్టెను వెనక దాక్కుని చూసింది. ఎండ పడలేదేమో.

జూలై 16, బుధవారం

బావమరిదికి కాలు బెణికింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. "కుర్చీలాటలో కిటుకంతా నడుములో ఉంది" అంటూ హాల్లో చీమకి చేసి చూపిస్తున్నాడు. పాట వాడే పాడుకున్నాడు, వాడే ఆపాడు, గిరుక్కున తిరిగి నా ఆఫీసు కుర్చీలో కూలబడ్డాడు. దానికి చక్రాలున్నాయి. కుర్చీ బాల్కనీ వైపు వెళ్ళింది, వాడు బీరువా వైపు వెళ్ళాడు. చక్రాల కుర్చీ ఆటలకి పనికిరాదని నేను హెచ్చరించాను. హెచ్చరించాననే అనుకుంటున్నాను. కాస్త మెల్లగా హెచ్చరించానేమో.

ప్రథమ చికిత్స నేనే చేశాను. కట్టు ఎంత చక్కగా కుదిరిందంటే, డాక్టరు కూడా విప్పబుద్ధి కావడం లేదన్నాడు. పది రోజులు కాలు కింద పెట్టకూడదట.

నేను నవ్వలేదు. నన్ను చూసి ఎవరైనా చెప్పొచ్చు.

జూలై 17, గురువారం

చీమ వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"నాన్నా, ఆటలు నువ్వే ఆడించాలట."

"నీకిష్టమైతేనే."

"ఇంకెవరున్నారు?"

ఇష్టమేనన్నమాట.

"కానీ ఇసుక బకెట్టు పెట్టకూడదు" అంది. సరే అన్నాను. "హెల్మెట్లు వద్దు." ఫ్యాక్టరీ నుంచి పసుప్పచ్చ హెల్మెట్లు అడిగి ఉంచిన సంగతి దీనికెలా తెలిసిందో! అదీ సరే అన్నాను. "స్పీచి ఇవ్వకూడదు."

"కొంచెం కూడానా?"

"నాన్నా!"

"సరే."

"పరిగెత్తనివ్వాలి."

దీనికి కాస్త టైము తీసుకున్నాను. "సాక్సులు విప్పేసి పరిగెత్తితే, జారకుండా..." అనబోయాను. దాని మొహం చూసి ఆపేశాను. పరిగెత్తనిస్తానని మాటిచ్చాను.

జూలై 21, సోమవారం

ఏ పనైనా ముందు పరీక్షించి చూడాలన్నది నా పద్ధతి. టీ టైములో క్యాంటీన్లో కుర్చీలు గుండ్రంగా వేయించి, రంగులు కలిపే ఆపరేటర్లనీ ప్యాకింగు ఆడవాళ్ళనీ పిలిచి, "ఇది అధికారిక పరీక్ష, పరిగెత్తవచ్చు" అని ప్రకటించాను. ఎవరూ నమ్మలేదు. "సార్, ఒంట్లో బానే ఉందా?" అని పెద్దమీసాల ఆపరేటరు నా నుదుటి మీద చెయ్యేసి చూశాడు.

తర్వాత నమ్మారు. నమ్మాక ఆపడం నా వల్ల కాలేదు. ప్యాకింగు సూపర్‌వైజరమ్మ పెద్దమీసాలని తుంటితో ఒక్క నెట్టు నెట్టి కుర్చీ కైవసం చేసుకుంది. అతను వెళ్ళి టీ డ్రమ్ము మీద పడ్డాడు. అదే సమయానికి మేనేజరు వచ్చాడు. అందరూ బిగుసుకుపోయారు. ఆయన అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూచుని, "నేను గెలిచినట్టేనా?" అన్నాడు.

ఆ మాటకి నా నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. దగ్గనుకున్నాను. "సార్‌కి ఇన్ని పళ్ళున్నాయని ఇవాళే తెలిసింది" అంది సూపర్‌వైజరమ్మ.

ప్రమాదం జరిగితే రిపోర్టు రాయాల్సింది నేనే కాబట్టి రాశాను. నష్టం: టీ. కారకుడు: సేఫ్టీ ఆఫీసరు. చర్య: సదరు ఉద్యోగిని గట్టిగా మందలించాలి. బాత్రూములోకి వెళ్ళి అద్దం ముందు మందలించుకున్నాను. మధ్యలో మళ్ళీ ఆ దగ్గు వచ్చింది.

జూలై 24, గురువారం

కుర్చీలాట వద్దనుకున్నాను. టీ డ్రమ్ము గుర్తొస్తోంది. స్టాచ్యూ ఆట ఆడిస్తాను. పాటకి గంతులెయ్యాలి, విజిలు పడగానే ఎవరు ఎలా ఉన్నవాళ్ళు అలా బొమ్మల్లా ఆగిపోవాలి. కదిలినా నవ్వినా ఔట్. చూడగా చూడగా ఇంత భద్రమైన ఆట ఇంకోటి లేదు. సగం సేపు ఎవరూ కదలరు!

ఆగడానికి ఏ విజిలు వెయ్యాలా అని చాలాసేపు ఆలోచించాను. మూడు పొడుగు విజిళ్ళే నయం. ఉన్న పని ఆపెయ్యమనే కదా వాటి అర్థం. అలవాటైనదాన్ని మార్చడం దేనికి?

జూలై 26, శనివారం

రేపే. నాకేం కంగారు లేదు. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేశాను.

జూలై 27, ఆదివారం

వచ్చారు. క్లాసు మొత్తం వచ్చింది. చీమ ప్రతి బెల్లుకీ తలుపు దగ్గరికి పరుగెత్తింది. నేను "మెల్లగా" అనలేదు. ఒక్కసారి అన్నాను.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడ వారగా కుర్చీల్లో కూచున్నారు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పళ్ళ డాక్టరమ్మ దగ్గర వంతు కోసం కూచున్నవాళ్ళు ఇంతకన్నా హుషారుగా ఉంటారు. వాళ్ళలో ఒక రెండుజడల పిల్ల ఉంది. ఆ పిల్ల జ్యూసు గ్లాసు ఎత్తితే అందరూ ఎత్తుతున్నారు, దించితే దించుతున్నారు. క్లాసు లీడరట. ఆ పిల్ల తలెత్తి గోడ గడియారం చూసింది. అందరూ చూశారు. చీమ కూడా చూసింది.

బావమరిది సోఫాలో కట్టుకాలు చాపుకుని పాట ఎత్తుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఇది రాస్తున్నందుకు నాకు సంతోషమేమీ లేదు.

ఇక నేను లేచాను. స్పీచి ఇవ్వనని మాటిచ్చాను కాబట్టి ఇవ్వలేదు. రెండే రెండు మాటలు చెప్తానన్నాను. బల్ల మూలలు ఎక్కడున్నాయో చెప్పాను. బల్ల మూలల గురించి చెప్పాక తలుపు గడియల గురించి చెప్పకపోతే ఎలా? గడియల తర్వాత ఫ్యాను. ఫ్యాను దగ్గరుండగా చీమ మీద దృష్టి పడింది. అది తల వంచుకుని కొత్త బూట్లు చూసుకుంటోంది. రెండుజడల పిల్ల మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఆంటీ, మా అమ్మకి ఫోన్ చెయ్యనా?" అంది.

చీమ విన్నది. నేనూ విన్నాను. పాట లేదు, గంతుల్లేవు, ఏమీ మొదలవ్వలేదు. ఏం చెయ్యాలో తోచక విజిలు నోట్లో పెట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాను. మూడు పొడుగు విజిళ్ళు.

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. ఒక్క క్షణం, ఇంత గొప్పగా ఆట ఆడించేవాడు ఇంకెవడున్నాడనుకున్నాను. అంతలో పైఅంతస్తులో ధనాల్న ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత మెట్ల మీద దబదబా దబదబా అడుగులు.

అప్పుడు అర్థమైంది.

పిల్లలంతా బాల్కనీలోకి పరుగెత్తి కిందికి చూస్తున్నారు. నేను మెట్లు దిగి వెళ్ళేసరికి అపార్టుమెంటు అపార్టుమెంటంతా తెల్లగీత మీద నిలబడి ఉంది. పళ్ళ డాక్టరమ్మ తలకి ఒక పక్కే నల్లరంగు వేసుకుని ఉంది. టైలరు మెళ్ళో టేపు, అతని వెనక ఒంటిచెయ్యి చొక్కాతో ఎవరో కస్టమరు. పెద్దమేడమ్ చంకలో పిల్లి. వరస మాత్రం తీర్చిదిద్దినట్టుంది. ఆ పరిస్థితిలో కూడా అది గమనించకుండా ఉండలేకపోయాను.

"మంటెక్కడ?" అన్నారు అందరూ.

"మంట లేదండి" అన్నాను. "పార్టీ."

పెద్దమేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. "ఏమండీ సేఫ్టీగారూ, పార్టీకి పిలవాలంటే తలుపు తట్టాలి. మీ ఊళ్ళో ఇలా పిలుస్తారా?"

మెట్ల మీద నవ్వులు వినిపించాయి. పిల్లలంతా నా వెనకే దిగొచ్చారు. రెండుజడల పిల్ల డాక్టరమ్మ తల చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వేది నన్ను చూసేనని నాకనిపించింది. చీమ మొహం కందగడ్డలా ఉంది. అది తిన్నగా నా దగ్గరికి నడిచొస్తుంటే, ఇంటికి వెళ్ళిపో నాన్నా అంటుందనుకున్నాను. అంటే వెళ్ళిపోయేవాణ్ణే.

"విజిలివ్వు" అంది.

నా విజిలు ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇచ్చాను. అది గీత వైపు ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది. "ఎలాగూ లైన్లోనే ఉన్నారుగా" అని గొణుక్కుంది. తర్వాత విజిలు ఒక్కసారి గట్టిగా ఊది, "స్టాచ్యూ!" అని అరిచింది.

ముందు చెయ్యాలి, తర్వాత అడగాలని వాళ్ళకి నేర్పింది ఎవరు? నేనే. మొత్తం అపార్టుమెంటు బొమ్మల కొలువులా నిలబడిపోయింది. నేను కూడా.

"కదిలినా నవ్వినా ఔట్! పట్టుకోండి!" అంది చీమ క్లాసుతో.

ఇక ఆ పిల్లల్ని పట్టడం ఎవరి తరం? గోడవారగా ముద్దపప్పుల్లా కూచున్నవాళ్ళు వీళ్ళేనా? ఒకడు టైలరు ముందు నిలబడి అతని టేపుతో గాలికి కొలతలు తీశాడు. టైలరు ఔట్. కస్టమరు కదలకపోయినా, గుండుసూదులు ఊడి అతని చొక్కా రెండో చెయ్యి కూడా జారి కింద పడింది. చొక్కా ఔట్ అయితే మనిషి ఔట్ కాదని అతను వాదించాడు, వాదించినందుకు ఔట్. వాచ్‌మన్ ముందు ఒక పిల్ల ఆవులించింది. అతను తిరిగి ఆవులించాడు. బావమరిది "నేనూ, నేనూ" అంటూ ఒంటికాలి మీద గెంతుకుంటూ మెట్లు దిగాడు. ఒంటికాలి మీద స్టాచ్యూ ఎంతసేపుంటాడు? వచ్చీ రావడంతోనే ఔట్. పైనుంచి చూసి దిగిన మా ఆవిడ నా మొహం చూసి ఔటైంది.

చివరికి పెద్దమేడమూ నేనూ మిగిలాం. ఆవిడ జీవితమంతా పిల్లల ముందు నవ్వకుండా బతికిన మనిషి. నేనూ తక్కువ తినలేదు. రెండుజడల పిల్ల మా ఇద్దరి మధ్యా కోతిలా గెంతింది, పిల్లిలా అరిచింది. ఆ అరుపుకి ఆవిడ చంకలో పిల్లి దూకేసింది. ఆవిడ "అయ్యో" అని చెయ్యి చాపింది.

"మేడమ్ ఔట్!"

"కదిలింది పిల్లి! నేను కాదు!" అని ఆవిడ కాలు నేలకేసి కొట్టింది. మొత్తం క్లాసంతా విరగబడి నవ్వింది. ఆవిడ కూడా.

అప్పుడు చీమ నా ముందుకొచ్చి, రెండు చేతులూ చాపి నిలబడి ఒక మాట అంది. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

"మా నాన్నని ఎవ్వరూ నవ్వించలేరు! కావాలంటే ట్రై చేసుకోండి!"

గొప్పగా అంది. వాళ్ళ క్లాసు ముందు, రెండుజడల పిల్ల ముందు, మా నాన్న అని.

వాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. నా చెవి దగ్గర కోడిలా కూశారు, నా కళ్ళజోడు తీసి పిల్లికి పెట్టారు. నేను చెక్కుచెదరలేదు. "నాన్నా, నవ్వకు! నాన్నా, నవ్వకు!" అని చీమ నా పక్కన గంతులేస్తోంది. నాకు నవ్వు రాలేదు. వేరేది వచ్చింది. కళ్ళలోంచి జారి చెంప మీదికి, అక్కణ్ణుంచి గడ్డం మీదికి.

ఇది కదిలినట్టా కాదా అని పెద్ద గొడవ జరిగింది. మనిషి కదల్లేదని చీమ, నీళ్ళు కదిలాయని రెండుజడల పిల్ల. మధ్యవర్తిత్వం పెద్దమేడమ్‌కి అప్పగించారు. ఆవిడ నా మొహంలో మొహం పెట్టి చూసి, కాస్త గొంతు సవరించుకుని, "ఔటే" అంది.

దుమ్ము పడింది. ఎవరైనా అడిగితే అదే చెప్పాను.

కేకు కోసేసరికి పొద్దుగూకింది. అపార్టుమెంటంతా తినడంతో నాకు ముక్క మిగల్లేదు. కేకు దగ్గర మనిషి ఉండాల్సింది.

జూలై 28, సోమవారం

అసోసియేషన్‌కి క్షమాపణ చెప్పుకున్నాను. ఇకమీదట పార్టీలకి విజిలు వాడరాదని తీర్మానించారు. వచ్చే డ్రిల్లు సాయంత్రం పూట పెట్టి, "ఆ కోతిమూకని" కూడా పిలవమని పెద్దమేడమ్ విడిగా చెప్పింది. ఆవిడకి ఇంకా పిల్లి విషయం మింగుడు పడలేదు, మళ్ళీ ఆడాలట.

చీమ బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసింది. మధ్యాహ్నం అన్నం ఎవరితో తిన్నావని మేం అడగలేదు. అదే చెప్పింది. రెండుజడల పిల్లా, ఇంకో ముగ్గురూ వచ్చి కూచున్నారట. ఒకటే అరుపులట, టీచరు బెంచీ ఎక్కించిందట. మా ఆవిడ కళ్ళొత్తుకుంది. బెంచీలు ఎక్కించడం ఎంత ప్రమాదమో టీచరుకి చెప్దామనుకుని మానేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

వచ్చే ఆదివారం రెండుజడల పిల్ల పుట్టినరోజు. చీమకి పిలుపొచ్చింది. నాకు కూడా వచ్చింది! పెద్దవాళ్ళలో నన్నొక్కణ్ణే పిలిచారు. బావమరిది మొహం చూడాలి.

"కానీ నాన్నా, అక్కడ నువ్వు మన టీము" అంది చీమ, నా చొక్కా గుండీ పట్టుకుని. "వాళ్ళ బాబాయిని దింపుతున్నారట, ఆయన బ్యాంకులో లోన్ల ఆఫీసరు, అస్సలు నవ్వడట. నువ్వు గెలవాలి. నవ్వావో, నా పరువు పోతుంది."

నేనుండగా ఆ భయం అక్కర్లేదన్నాను.

అప్పట్నుంచి అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నాను. తలుపు వేసుకుని, గంభీరంగా నిలబడి, మొహం బిగించి. ఏం చేసినా కుదరడం లేదు. నా గుండీ పట్టుకుని అది అన్న మాటలు గుర్తొస్తాయి, అంతే, ఔటైపోతున్నాను.